ముప్పై డాలర్లతో మొదలైన ఆట



"స్వచ్ఛందము" అనే మాటను తరగతి గదిలో నేనెన్నిసార్లు విడదీసి చెప్పానో లెక్క లేదు. ఛందమంటే ఇచ్ఛ, స్వచ్ఛందమంటే తన ఇష్టము. పద్యాలను కొలిచే ఛందస్సుతో దీనిని కలపవద్దని పిల్లలను హెచ్చరించేవాడిని. కానీ ఇష్టపడి వచ్చినవారు నలుగురు కలిసి ఒక పనిని ఏళ్ళ తరబడి నడపాలంటే ఆ రెండవ ఛందస్సు కూడా, అంటే గణాలూ యతులూ వంటి కట్టుబాట్లు కూడా, అవసరమవుతాయి. జీతమిచ్చే చోట యజమాని మాటే కట్టుబాటు. జీతమే లేని చోట ఎవరి మాట చెల్లాలి? మన ఊళ్ళలో శ్రీరామనవమి పందిరి వేసే కుర్రవాళ్ళను చూసినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. చందాలు పోగవుతాయి, పందిరి లేస్తుంది, వడపప్పు పానకాలు అందుతాయి. మరుసటి ఏడు లెక్కల దగ్గరో, పేర్ల దగ్గరో తగాదా వచ్చి రెండు పందిళ్ళు లేస్తాయి. అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌ను నడిపే లిటిల్ లీగ్ అనే సంస్థ ఇదే ప్రశ్నతో ఎనభై ఏళ్ళకు పైగా కుస్తీ పడుతున్నది. దాని నియమావళిలోని ముఖ్యమైన నిబంధనలు చాలావరకు ఏదో ఒక తగాదాకు గుర్తులే. ఆ తగాదాల చరిత్రను ఈ టపాలో చెప్పబోతున్నాను.

ఆట తెలియనివారి కోసం ఒక్క ముక్క. చతురస్రపు నాలుగు మూలల్లో నాలుగు మజిలీలు ఉంటాయి, వాటిని బేసులంటారు. బంతిని కొట్టినవాడు మూడింటిని తాకి, బయలుదేరిన చోటికి తిరిగి వస్తే ఒక పరుగు. మన క్రికెట్‌లో వలె బంతి నేలకు తగిలి రాదు. నేరుగా గాలిలోనే వస్తుంది.

1938లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్ అనే ఊరిలో కార్ల్ స్టాట్జ్ అనే చిరుద్యోగి ఉండేవాడు. మగపిల్లలు లేరు, మేనల్లుళ్ళిద్దరితో పెరట్లో బంతి ఆడేవాడు. ఒకనాడు బంతి కోసం పరుగెత్తి, నరికిన లైలాక్ పొద మొదళ్ళ మీద కాలు గీరుకుపోయి, ఆ నొప్పితో కూర్చున్నప్పుడు పిల్లలకు వాళ్ళ కొలతకు తగిన ఆట ఎందుకు ఉండకూడదనే ఆలోచన కలిగిందని ఆయనే చెప్పుకున్నాడు. పుట్టుకకథలకు ఇటువంటి అలంకారం సహజమే. నాకు ఎక్కువ నచ్చినది ఆ తరువాతి భాగం. ఆ వేసవి అంతా వాడలోని పిల్లలను పోగుచేసి బేసుల మధ్య దూరాన్ని మార్చి మార్చి చూశాడు. పెద్దల ఆటలో ఆ దూరం 90 అడుగులు. అంత దూరంలో చిన్నపిల్లవాడు విసిరిన బంతి బేసుకు చేరేలోగా పరుగెత్తేవాడు ఎప్పుడో చేరిపోతాడు. మరీ దగ్గరైతే ఎవడూ చేరలేడు. చివరకు 60 అడుగుల దగ్గర ఆట సమానంగా తూగింది. ఈనాటికీ పన్నెండేళ్ళ లోపు పిల్లల ఆటలో అదే కొలత.

కొలత దొరికింది గాని డబ్బు దొరకలేదు. ఆర్థికమాంద్యపు రోజులవి. ఊరిలోని వ్యాపారులు ఒకరి తరువాత ఒకరు లేదన్నారు. యాభైకి పైగా గుమ్మాలెక్కి దిగిన తరువాత లైకమింగ్ డెయిరీ అనే పాల సంస్థ ముప్పై డాలర్లు ఇచ్చింది. తరువాత లండీ లంబర్ అనే కలప సంస్థ, జంబో ప్రెట్జెల్ అనే తినుబండారాల సంస్థ ముందుకొచ్చాయి. దాతల పేర్లే జట్ల పేర్లయ్యాయి. స్టాట్జ్, ఆయనకు తోడు నిలిచిన బెబుల్ సోదరులిద్దరు, మూడు జట్లకు ముగ్గురు నిర్వాహకులు. 1939 జూన్ 6న తొలి ఆటలో లండీ లంబర్ 23-8 తేడాతో లైకమింగ్ డెయిరీపై గెలిచింది.

పద్ధతి సులువైనది కనుక యుద్ధం ముగియగానే పక్క ఊళ్ళకు పాకింది. 1947లో విలియమ్స్‌పోర్ట్‌లోనే పెద్ద పోటీ పెట్టారు. ఊరి జట్టు మేనార్డ్ మిడ్జెట్సే గెలిచింది. 1948లో యు.ఎస్. రబ్బర్ కంపెనీ పోషకురాలిగా వచ్చింది. పాల కంపెనీ ముప్పై డాలర్లకు, రబ్బరు కంపెనీ నిధులకు తేడా త్వరలోనే తెలిసింది. ఆ కంపెనీ ఉద్యోగి పీటర్ మెక్‌గవర్న్ 1952లో అధ్యక్షుడయ్యాడు. సంస్థ ఎంత పెరిగితే అంత మేలని ఆయన పక్షం. ఊరి పెద్దలు ఊరి పిల్లల కోసం నడుపుకొనేదిగా ఉండాలని, వాణిజ్యపు వాసన తగ్గాలని స్టాట్జ్ పక్షం. 1955లో వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది. మరుసటి ఏడు రాజీ కుదిరి, స్టాట్జ్ తాను పుట్టించిన సంస్థ నుండి వైదొలగాడు. 1959లో ప్రపంచ పోటీలు నది దాటి సౌత్ విలియమ్స్‌పోర్ట్‌లోని కొత్త మైదానానికి తరలిపోయాయి. స్టాట్జ్ మాత్రం పాత మైదానంలో "ఒరిజినల్ లీగ్" పేర ఊరి పిల్లలతో ఆట సాగించి, 1992లో కన్నుమూశాడు. ఇద్దరిలో ఎవరిది న్యాయమంటే నేను చెప్పలేను. మెక్‌గవర్న్ లేకపోతే ఆట ఇన్ని దేశాలకు పోయేది కాదు. స్టాట్జ్ బాధ మాత్రం సొంత చేతులతో నాటిన చెట్టు నీడలో నిలువ చోటు లేని వాడి బాధ.

ఆ 1955వ సంవత్సరమే ఇంకొక సంఘటన జరిగింది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను నిద్రపోనివ్వనిది అదే. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో కానన్ స్ట్రీట్ వై.ఎం.సి.ఎ. నీడన నల్లజాతి పిల్లల లీగు ఏర్పడి, సంస్థ అనుమతిపత్రం కూడా పొందింది. వారి ఎంపిక జట్టు పోటీకి దరఖాస్తు పెట్టగానే తెల్లవారి జట్లన్నీ తప్పుకున్నాయి. రాష్ట్ర పోటీల నుండి 61 జట్లు తప్పుకున్నాయి. వేరుపడినవారు తమ సొంత సంస్థ స్థాపించుకొని, తరువాత దానికి డిక్సీ యూత్ బేస్‌బాల్ అని పేరు పెట్టుకున్నారు. ప్రత్యర్థులే లేరు కనుక కానన్ స్ట్రీట్ పిల్లలు ఆడకుండానే రాష్ట్ర విజేతలు. అయితే ఆడి గెలిచిన జట్టే పై మెట్టు ఎక్కాలని నిబంధన. కనుక వారు ప్రపంచ పోటీకి అనర్హులన్నారు. అతిథులుగా విలియమ్స్‌పోర్ట్ రప్పించి ప్రేక్షకుల మధ్య కూర్చోబెట్టారు. వాళ్ళను ఆడనివ్వండని ప్రేక్షకులు కేకలు వేశారు. ఆడనివ్వలేదు. తప్పుకున్నవారిని శిక్షించడానికి లేని నిబంధన, నిలబడినవారిని ఆపడానికి ఉన్నది. పన్నెండేళ్ళ పిల్లలకు ఇంతకన్నా కఠినమైన వ్యాకరణ పాఠం ఎవరు చెప్పగలరు? 2002లో ఆ జట్టుకు 1955 నాటి రాష్ట్ర విజేతల పతాకాన్ని ఇచ్చారు. అప్పటికి ఆ పిల్లలకు అరవై దగ్గరపడింది.

ఇక నేటి నడక చెబుతాను. న్యూజెర్సీలో మా అమ్మాయి ఉన్న ఊరిలో మనుమరాలు సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. రెండు వేసవులు అక్కడ గడిపి, అల్లుడి వెంట మైదానానికి వెళ్ళి, నోట్సు రాసుకునే పంతులు బుద్ధితో అన్నీ గమనించాను. శనివారం తెల్లవారగానే తండ్రులు పొడుగు పళ్ళ దంతెలతో ఎర్రమట్టి సదును చేస్తారు, సున్నపు గీతలు గీస్తారు. వారిలో హైదరాబాదు, గుంటూరు వారు కూడా ఉన్నారు. క్రికెట్ అలవాటు వదలని ఒక తండ్రి బ్యాటు నేలకు ఆనించమని కూతురికి చెబుతుంటే, కోచ్ వచ్చి భుజం మీదకు ఎత్తించడం కన్నులపండువుగా ఉండేది. తల్లులు వంతులవారీగా తినుబండారాల కొట్టు నడుపుతారు. ఆ కొట్టు లాభం, రిజిస్ట్రేషన్ రుసుము, చొక్కాల మీద పేర్లు వేయించుకునే దుకాణాల విరాళం, ఇవే రాబడి. రుసుము కట్టలేదన్న కారణంతో పిల్లలను తిప్పి పంపరాదని సంస్థ నియమం.

ప్రతి లీగుకు ఒక హద్దు గీసి ఉంటుంది. ఆ హద్దులో నివసించే, లేదా చదువుకునే పిల్లలే ఆ లీగులో ఆడాలి. సభ్యులు బోర్డును ఎన్నుకుంటారు. ఏటా అనుమతిపత్రాన్ని కొత్తది చేసుకుంటారు. అందరిలో నాకు నచ్చిన పదవి ప్లేయర్ ఏజెంటుది. పిల్లల పరీక్ష ఆటలు చూపించడం, నిర్వాహకులు వంతులవారీగా జట్లు ఎంచుకునేటప్పుడు మోసం జరగకుండా చూడడం ఇతని పని. తాను చూసే విభాగంలో ఇతడు కోచ్‌గా గాని, అంపైరుగా గాని ఉండరాదు. ఎందుకో చెప్పనవసరం లేదు. సొంత బిడ్డ ఆడే చోట ధర్మరాజుకైనా త్రాసు ఒరుగుతుంది. జట్టులోని ప్రతి బిడ్డకు ప్రతి ఆటలోనూ కొంతసేపు మైదానంలో నిలిచే హక్కు, ఒకసారైనా బ్యాటు పట్టే హక్కు ఉన్నాయి. గెలుపు మోజులో కోచ్ మరచిపోతే శిక్ష. పిల్లల మధ్య పనిచేసే స్వచ్ఛంద సేవకులందరి పూర్వాపరాలను విచారించాలనే నియమం 2003లో వచ్చింది. బంతి విసిరే పిల్లల మోచేతులు పాడవుతున్నాయని 2007 నుండి ఇన్నింగ్సులకు బదులు బంతులనే లెక్కపెడుతున్నారు: పదకొండు, పన్నెండేళ్ళవారికి రోజుకు 85. ఆ లెక్కకు ఒకరు కాగితం, పెన్సిలు పట్టుకొని కూర్చుంటారు. వారికీ జీతం లేదు. టీవీలో లక్షలమంది చూసే ప్రపంచ పోటీలో అంపైర్లకు సైతం జీతం ఉండదు.

వయసు, హద్దు తగాదాలు నేటికీ ఆగలేదు. 2001లో న్యూయార్కు బ్రాంక్స్ జట్టులోని మేటి పిల్లవాడికి పన్నెండు కాదు, పధ్నాలుగేళ్ళని తేలి జట్టు గెలుపులన్నీ రద్దయ్యాయి. 2014లో అమెరికా విజేతలైన షికాగో నల్లజాతి పిల్లల జట్టు బిరుదును, హద్దు దాటి పిల్లలను చేర్చుకున్నారని మరుసటి ఏడు వెనక్కు తీసుకున్నారు. రెంటిలోనూ తప్పు పెద్దలది, పోగొట్టుకున్నది పిల్లలు.

ఆడపిల్లల సంగతి చివరికి ఉంచాను. 1950లో న్యూయార్కు రాష్ట్రపు కార్నింగ్‌లో కాథరిన్ జాన్‌స్టన్ అనే అమ్మాయి జడ కత్తిరించుకొని, అబ్బాయి పేరుతో జట్టులో చేరింది. మరుసటి ఏడే బాలికలు పనికిరారని సంస్థ నిబంధన రాసింది. 1964లో అమెరికా కాంగ్రెస్ ఇచ్చిన చార్టరులో కూడా "బాలుర" కోసమనే ఉన్నది. 1972లో న్యూజెర్సీలోని హొబోకెన్‌లో మరియా పెపె అనే పన్నెండేళ్ళ పిల్ల మూడు ఆటలు ఆడింది. ఆమెను తీసివేయకపోతే ఊరి లీగు అనుమతినే రద్దు చేస్తామని పైనుండి తాఖీదు వచ్చింది. ఒక పిల్ల కోసం మిగిలిన పిల్లలందరి ఆట పోతుందనే భారం ఆమె నెత్తిన పడింది, ఆమె తప్పుకుంది. మహిళా సంఘం ఆమె పక్షాన ఫిర్యాదు చేసింది. విచారణలో సంస్థ తరఫున శరీరధర్మ శాస్త్రవేత్త క్రైటన్ హేల్ బాలికల ఎముకలు బలహీనమని సాక్ష్యం చెప్పాడు. విచారణాధికారి సిల్వియా ప్రెస్లర్ 1973లో పెపె పక్షాన తీర్పిచ్చింది. ఆడపిల్లలను చేర్చుకోవడం కన్నా ఆటను ఆపుకోవడమే మేలని న్యూజెర్సీలో అనేక లీగులు కొంతకాలం మొండికేశాయి. 1974లో పై కోర్టు కూడా తీర్పును నిలబెట్టింది. ఆ ఏడు డిసెంబరు 26న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో చార్టరులోని "బాలురు" పోయి "యువజనులు" వచ్చారు. అప్పటికి పెపెకు వయసు దాటిపోయింది.

ఆ 1974లోనే సంస్థ ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ ప్రారంభించింది. సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో, ఒక పడవల క్లబ్బు భవనంలో, బాక్సింగ్ గ్లవ్‌ను ముద్దగా కట్టి చీపురుకర్రతో కొట్టిన ఆట నుండి పుట్టినది. పేరులో మెత్తదనం ఉన్నా నేటి బంతి మెత్తనిది కాదు, బేస్‌బాల్ కన్నా పెద్దది, చేయి కింది నుండి విసురుతారు. తలుపు తెరవమని తీర్పు వస్తే, పక్కన ఇంకొక తలుపు పెట్టి అటు వెళ్ళండన్నట్లుగా ఉన్నదని విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శలో పస ఉన్నది. ఐనా ఆ రెండవ తలుపు గుండా లక్షలమంది ఆడపిల్లలు మైదానంలోకి వచ్చారు. మొదటి తలుపు కూడా మూయలేదు. 2014 ప్రపంచ పోటీలో మోనే డేవిస్ అనే అమ్మాయి ఎదుటి జట్టుకు ఒక్క పరుగైనా ఇవ్వకుండా ఆట ముగించింది.

2004లో మరియా పెపెను ప్రపంచ పోటీకి పిలిచి తొలి బంతి వేయించారు. ఎముకల సాక్ష్యం చెప్పిన హేల్ ఆమెను కలిసి, తన మనుమరాలు కూడా ఆడుతున్నదని చెప్పాడట.

సెలవు.