ప్రవాహాల శాస్త్రంలో స్త్రీల చోటు

విశాఖలో సముద్ర పరిశోధన చరిత్రను సాధారణంగా యూజీన్ లాఫాండ్‌తో మొదలుపెడతారు. ఆయన 1952లో ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. నైరుతి గాలులు తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు లోపలికి జరిగి, అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుందని వాల్తేరు దగ్గర గమనించాడు. ఆయన వర్ణించిన సముద్రగర్భ లోయల్లో ఒకటి భూగర్భశాస్త్ర ఆచార్యుడు మహదేవన్ పేరున నిలిచింది. బంగాళాఖాతం ప్రవాహాలపై 1968లో వచ్చిన వ్యాసంలో లాఫాండ్ పక్కన ఆయన భార్య కేథరిన్ పేరు కూడా ఉంది. ఆ పేరు మనలో ఎంతమందిమి విన్నాం?

డాక్టరేట్ తర్వాత స్త్రీకి పరిశోధనలో చోటెక్కడ అన్న ప్రశ్న పాతదే. అన్నా మణికైతే అసలు డాక్టరేట్ గుమ్మం దగ్గరే అడ్డు తగిలింది. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో 1945లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు పట్టా ఇవ్వలేదు. ఆమె ఇంగ్లండు వెళ్ళి వాతావరణ పరికరాల పని నేర్చుకుని, 1948లో తిరిగివచ్చి వాతావరణ శాఖలో చేరింది. రమా గోవిందరాజన్ ముందు ఉద్యోగంలో చేరి, అందులో ఉంటూనే పరిశోధన చేసి, ఆ తర్వాత పోస్ట్ డాక్టరల్ పనికి కాల్‌టెక్ వెళ్ళింది. ద్రవగతిశాస్త్రంలో కృషికి 2007లో భట్నాగర్ పురస్కారం అందుకుంది. ఇద్దరి దారులూ ప్రకటనల్లో కనిపించే తిన్నని దారి కావు.

తెలుగునేల మీద సంస్థలకు కొరత లేదు. విశాఖలో నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల 1969లో, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం 1976లో వచ్చాయి. హైదరాబాదులో ఇన్‌కాయిస్ 1999లో ఏర్పడింది. అయినా పూర్ణా మార్కెట్ దగ్గర ఉండే నా స్నేహితురాలు, నీటి అలల గణితంలో డాక్టరేట్ చేసి, ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతోంది. ఒక ఇంటర్వ్యూలో ఆమెను అలల గురించి రెండు ప్రశ్నలు అడిగారు, భర్త ఉద్యోగం గురించి నాలుగు అడిగారు.

జాతీయ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35. స్త్రీలకు అయిదేళ్ళ సడలింపు ఉంది. ఆమెకిప్పుడు 39. ఆ అయిదేళ్ళలోనే రెండు కాన్పులు, అత్తగారి పక్షవాతం. ఇలా ఆగిపోయినవాళ్ళ కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం తెచ్చింది. అది మళ్ళీ మొదలుపెట్టే అవకాశమిచ్చింది. ఆ తర్వాత నిలదొక్కుకునే ఉద్యోగం మాత్రం దానితో రాదు.

సడలింపు అనే మాటలోనే చిక్కుంది. కొలత మగవాడి జీవితానిది, మనకు దాన్ని కాస్త సాగదీసి ఇస్తున్నారు. వయసు పుట్టినరోజు నుంచి కాక పరిశోధన చేయగలిగిన ఏళ్ళ నుంచి లెక్కించమని, ఏడాదికో ఊరు మారనక్కరలేని పదవులు కావాలని అడగాలి. సాహిత్యంలో డాక్టరేట్లు చేసి అతిథి అధ్యాపకులుగా మిగిలిన మనకూ ఇది కొత్త సంగతి కాదు. ఈ అడగడంలో వాళ్ళతో మనమూ ఉండాలి.