ఇత్సింగు విద్యాయాత్ర: భాషాసన్నాహము

చైనా భిక్షువగు ఇత్సింగు నలందలో విద్య నభ్యసించిన విషయము సుప్రసిద్ధము. అందులకై అతడు చేసికొనిన భాషాసన్నాహ మిచ్చట విచార్యము.

క్రీ. శ. 671లో అతడు కాంటనులో పారసీక నౌక నెక్కి, 20 దినములలోపల శ్రీవిజయమును చేరెను. ఇది సుమత్రా దీవిలోని నేటి పాలెంబాంగు ప్రాంతము. అచ్చట 6 మాసములు నిలిచి శబ్దవిద్యను, అనగా సంస్కృత వ్యాకరణమును, నేర్చెను. తోడువచ్చిన శిష్యుడు రోగపీడితుడై స్వదేశమునకు మరలెను. ఇత్సింగు మాత్రము ముందునకు సాగెను. 673లో తామ్రలిప్తిని చేరియు వెంటనే నలందకు పోక, ఇంచుమించు ఒక వత్సరము సంస్కృతమునే అభ్యసించెను. నలందలో పదేండ్ల అధ్యయన మా పిదపనే సాగినది.

శ్రీవిజయమున సహస్రాధికులగు భిక్షువులు భారతదేశమునందువలెనే చదువుదురనియు, భారతదేశమునకు పోగోరు చైనా భిక్షువు ముందుగా అచ్చట ఒకటి రెండేండ్లుండి నియమముల నలవరచుకొనుట మేలనియు అతడు తరువాత వ్రాసెను. తాను తొలుత నిలిచినది 6 మాసములే. ఇతరులకు సూచించినది అంతకు రెండు నాలుగింతలు. తామ్రలిప్తిలో మరల చదువవలసివచ్చిన అనుభవమే ఇందులకు కారణమని ఊహింపవచ్చును.

695లో సుమారు 400 గ్రంథములతో లోయాంగునకు మరలి, అతడు శేషజీవితమును అనువాదమునకు వినియోగించెను. మార్గమధ్యమున భాషకై వెచ్చించిన కాలము వ్యర్థము కాలేదనుటకు ఆ అనువాదములే నిదర్శనము.