నాటిన లెక్క, బతికిన లెక్క

మన దేశంలో పర్యావరణ రక్షణ చరిత్ర రాసేవాళ్లు మామూలుగా 1972 నుంచి ఎత్తుకుంటారు. ఆ జూన్‌లో ఇందిరాగాంధీ స్టాక్‌హోమ్ సభకు వెళ్లారు, అదే ఏడు వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. మా మెదక్ జిల్లా కథ అక్కణ్నుంచి ఎత్తుకుంటే సగం జారిపోతుంది. ఇక్కడ అడవిని కాయడం వేటతో మొదలైంది.

పోచారం అడవి నిజాం శికారు చేసిన చోటు. ప్రభువులు తుపాకీ పట్టుకుని వచ్చేసరికి జింక కనబడాలి, జింక ఉండాలంటే పొద ఉండాలి, పొద ఉండాలంటే ఊరివాళ్లు దూరంగా ఉండాలి. ఉద్దేశం ఏదైతేనేం, అడవి మిగిలింది. ఆ మాట ఒప్పుకోవాలి. 1952లో ఆ వేటస్థలమే అభయారణ్యం అయింది. చుట్టుపక్కల ఊళ్లకు మాత్రం పెద్ద తేడా తెలియలేదు: అంతకుముందూ లోపలికి పోతే జుల్మానా, తరువాతా జుల్మానానే. చట్టం సంగతీ అంతే. 1355 ఫస్లీ, అంటే 1945 నాటి హైదరాబాదు అటవీ చట్టం నిజాం గద్దె దిగాక కూడా మా మీద నడుస్తూనే ఉంది. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చి దాని చోట కూర్చుంది.

మాది కౌడిపల్లి, నర్సాపూర్ నుంచి మెదక్ పోయే రోడ్డు మీద. మా నాయనమ్మకు ఈ చట్టాల తేదీలేవీ తెలియవు. ఆమెకు తెలిసింది మోదుగాకు. ఎండాకాలంలో కొత్త ఆకు కాస్త ముదరగానే తెల్లారకముందే పోయి తెంపుకొచ్చేది. నీడన ఆరబెట్టి, చీపురు పుల్లలతో ఇస్తర్లు కుట్టి పెళ్లిళ్లకు అమ్మేది. నేనూ వెంట పోయేవాణ్ని. చెట్ల నడుమ ఖాకీ బట్ట కనబడితే చాలు, “బిడ్డా, జంగ్లాతోడొస్తున్నడు, మూట పొదచాటుకు ఎయ్యి” అనేది. కొమ్మ విరవనిచ్చేది కాదు. ఒకే చెట్టును దూసిపొయ్యనిచ్చేది కాదు. మళ్లేడు అదే చెట్టు దగ్గరికి రావాలి కదా! అడవిని కాయడమంటే ఏమిటో నేను మొదట చూసింది ఆమె దగ్గరే. సర్కారు దాన్ని దొంగతనం కింద రాసుకుంది. తునికాకు కథ ఇంకొకటి. 1971 చట్టంతో దాని వ్యాపారమే ప్రభుత్వం చేతిలోకి పోయింది, ఏరే పని కూలీలకు మిగిలింది.

అడవిని కాసేది ఒక శాఖ, మొక్కలు నాటేది ఒక పండగ. 1950లో కేంద్రమంత్రి కె.ఎం.మున్షీ మొదలుపెట్టిన వన మహోత్సవం బళ్ల దాకా వచ్చింది. జూలైలో మాచేత గుంతలు తవ్వించి కానుగ, సుబాబుల్, నీలగిరి నాటించేవారు. మరుసటి ఏడు కొత్త మొక్కలు అవే గుంతల్లో పెట్టేవాళ్లం, తవ్వే పని తప్పేది. రిజిస్టరులో మాత్రం రెండేళ్ల మొక్కలూ కలిసే ఉండేవనుకుంటాను.

1980 అటవీ సంరక్షణ చట్టం పెద్ద చట్టమే. అడవి భూమిని ఇంకో పనికి మళ్లించాలంటే ఢిల్లీ ఒప్పుకోవాలి అంది. కానీ అప్పటి మా జిల్లాలోనే ఉన్న పటాన్‌చెరులో రసాయన ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి మంజీరలోకి పోతుంటే ఆపినవాడు లేడు. కట్టెలమోపు ఎత్తుకున్న మనిషిని పట్టుకోవడానికి మాత్రం ఎప్పుడూ ఒకడు ఉండేవాడు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చినా, వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరాక గాని కదలిక రాలేదు.

1988 అటవీ విధానం అడవి పక్క జనం అవసరాలను ముందుకు తెచ్చింది. దాని వెనుకే 1992లో రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు పుట్టాయి. మూటలు పొదచాటుకు వేసిన ఊళ్లనే పిలిచి, అడవిని మీరే కాయండి, ఫలసాయంలో వాటా ఇస్తామన్నారు. నాయనమ్మ అప్పటికి లేదు, ఉంటే పకపకా నవ్వేది. ఆలోచన మాత్రం మంచిది. ప్రపంచ బ్యాంకు రుణం ఉన్నన్నాళ్లు సమితులు కళకళలాడాయి, రుణం అయ్యాక సందడి తగ్గింది.

తెలంగాణ వచ్చాక 2015లో హరితహారం మొదలైంది. పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచుతామన్నారు. ఈ మూడో వంతు కొత్త అంకె కాదు, 1952 జాతీయ అటవీ విధానంలోదే. 2020 జూన్ 25న ఆరో విడతను ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించింది మా పక్కనే, నర్సాపూర్ అడవిలో. ఊరూరా నర్సరీ వచ్చింది. ఇంత హడావుడిలో నాకు పనికొచ్చేదిగా కనిపించింది 2018 పంచాయతీరాజ్ చట్టంలోని ఒక్క నిబంధన: నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పాలి. డెబ్భై ఏళ్లుగా నాటిన లెక్కే రాసుకున్నాం, బతికిన లెక్క అడగడం ఇప్పుడే. అది కొందరు సర్పంచులను అన్యాయంగా ఇరికించిందన్నదీ నిజమే. నీళ్ల ట్యాంకరు ఇవ్వకుండా మొక్క ఎండితే పదవి పోతుందంటే ఎట్లా?

2024లో కార్యక్రమానికి వన మహోత్సవం అన్న పాత పేరే తిరిగి పెట్టారు. పేరు ఏదైనా నాకు పట్టింపు లేదు. ఆ 85 శాతం షరతును ఊరి మొక్కలతో ఆపకుండా, పెద్దమనుషులు ఫోటోలు దిగి అడవిలో నాటిపోయే మొక్కలకూ పెట్టాలి. మూడేళ్లకోసారి అవి ఎన్ని నిలబడ్డాయో గ్రామసభలో చదివి వినిపించాలి.