పెరటిలో పొద్దుతిరుగుడు పెంపకం

పొద్దుతిరుగుడు (శాస్త్రీయ నామం: హీలియాంథస్ ఆన్యూస్) ఆస్టరేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక మొక్క. బంతి, చామంతి కూడా ఈ కుటుంబానికి చెందినవే. తెలుగునాట దీనిని నూనెగింజల పంటగా పొలాలలో సాగు చేయడమే కాక, అందమైన పువ్వుల కొరకు పెరటిలోను, డాబాల మీద కుండీలలోను పెంచుతారు. విత్తనం నాటిన సుమారు రెండు నెలలకు పువ్వు విచ్చుకుంటుంది. మూడు నెలలకు గింజ ముదురుతుంది. ఆ తరువాత మొక్క ఎండిపోతుంది. దీనిని పెంచడం సులభమే. అయితే పువ్వు పళ్ళెమంత ఉన్నా లోపలి గింజలు తాలుగా మిగిలిపోవడం పెరటి మొక్కలలో తరచుగా కనిపిస్తుంది. పరాగసంపర్కం సరిగా జరగకపోవడమే దీనికి ముఖ్య కారణం.

పేరు, సూర్యునితో సంబంధం

పొద్దు అనగా సూర్యుడు. ఈ పువ్వును సూర్యకాంతం అని కూడా అంటారు. 1753లో లిన్నేయస్ పెట్టిన హీలియాంథస్ అనే ప్రజాతి నామానికి గ్రీకు భాషలో సూర్యపుష్పం అని అర్థం.

పేరులోని తిరుగుడు సగమే నిజం. సూర్యుని అనుసరించి తిరిగేది లేత మొక్క, మొగ్గ మాత్రమే. పగటివేళ కాండానికి తూర్పు వైపు, రాత్రివేళ పడమర వైపు ఎక్కువగా పెరగడం వలన కొన పగలు పడమరకు వంగి, తెల్లవారేసరికి తిరిగి తూర్పుకు చేరుతుంది. పువ్వు విచ్చుకొని కాండం ముదిరిన పిదప ఈ కదలిక ఆగిపోయి, పువ్వు తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. తూర్పును చూసే పువ్వులు ఉదయాన త్వరగా వేడెక్కుతాయని, అందువలన వాటిపై ఎక్కువ తేనెటీగలు వాలుతాయని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో సైన్స్ పత్రికలో వెల్లడించారు.

పెరటిలో చోటు ఎంచుకునేటప్పుడు ఈ విషయం ఉపయోగపడుతుంది. ఇంటికి తూర్పున ప్రహరీ వెంట నాటిన మొక్కల పువ్వులు వీధివైపు చూస్తాయి. ఇంటివారికి వాటి వెనుక భాగమే కనిపిస్తుంది. పడమటి పెరటిలో, ఉదయం ఇంటి నీడ పడనంత దూరంలో నాటితే అవి ఇంటివైపే చూస్తాయి.

చరిత్ర

ఈ మొక్క జన్మస్థానం ఉత్తర అమెరికా. అక్కడి ఆదివాసులు దీనిని వేల సంవత్సరాల క్రితమే సాగులోకి తెచ్చారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు ఐరోపాకు తీసుకుని వెళ్ళగా, అక్కడ చాలాకాలం తోటల అలంకరణకే పరిమితమైనది. 19వ శతాబ్దంలో రష్యాలో నూనె పంటగా మారింది. భారతదేశానికి నూనె పంటగా 1969లో నాటి సోవియట్ యూనియన్ రకాలతో ప్రవేశించింది. 1980లో బెంగుళూరు నుండి విడుదలైన బి.ఎస్.హెచ్-1 దేశంలో సాగుకు వచ్చిన తొలి సంకర రకం.

విత్తడం

చాలా రకాలు పగటి కాలపు హెచ్చుతగ్గులకు పెద్దగా స్పందించవు కనుక నీటి వసతి ఉంటే దాదాపు ఏ కాలంలోనైనా విత్తవచ్చును. అయితే పువ్వు విచ్చుకునే రోజులలో ఎడతెగని వర్షాలు కాని, తీవ్రమైన ఎండలు కాని ఉండరాదు. అందువలన తెలుగు ప్రాంతాల పెరళ్ళకు అక్టోబరు, నవంబరు నెలలు అనుకూలమైనవి.

రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటు కావాలి. నీరు నిలువని నేల ఏదైనా సరిపోతుంది. మట్టిని లోతుగా త్రవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. యూరియా వంటి నత్రజని ఎరువులు ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది కాని, కాడ బలహీనపడి గాలికి వాలిపోతుంది.

ఇది తల్లివేరు గల మొక్క. నారు పోసి, పీకి నాటితే వేరు దెబ్బతిని మొక్క గిడసబారుతుంది. కనుక విత్తనాన్ని పెరిగే చోటనే నాటడం మంచిది. రాత్రంతా నీటిలో నానబెట్టిన విత్తనాలను మూడు సెంటీమీటర్ల లోతున, పాదుకు రెండు చొప్పున వేయాలి. పొట్టి రకాలకు పాదుల మధ్య ఒక అడుగు, పొడవైన రకాలకు రెండు అడుగుల దూరం ఉంచాలి. వెచ్చని వాతావరణంలో వారం లోపే మొలకలు వస్తాయి. కొన్ని మొలకలకు గింజ పొట్టు బీజదళాలను పట్టుకొని ఉంటుంది. దానిని లాగక, నీరు చిలకరిస్తే అదే ఊడుతుంది. రెండు వారాల తరువాత పాదుకు బలమైన మొక్కను ఒకదానిని ఉంచి రెండవదానిని కత్తిరించాలి. పీకితే ప్రక్క మొక్క వేరు కదులుతుంది.

కుండీలకు మోర్డెన్ వంటి పొట్టి రకాలు తగినవి. ఇవి సుమారు మూడడుగుల ఎత్తు పెరుగుతాయి. పొడవైన రకాల సంగతి వేరు: 2014లో జర్మనీలో ఒక మొక్క 9.17 మీటర్ల ఎత్తు పెరిగినది. అంత కాకపోయినా, ఆరడుగులు దాటే మొక్కలకు మొగ్గ దశకు ముందే ఊతకర్ర పాతాలి.

పువ్వు, గింజ కట్టడం

సామాన్యంగా ఒక పువ్వుగా భావించేది నిజానికి వందలాది చిన్న పుష్పకాల సముదాయం. అంచున పసుపు రేకులవలె కనిపించే కిరణ పుష్పకాలు గింజ కట్టవు. వాటి పని కీటకాలను ఆకర్షించడమే. మధ్యనున్న బింబ పుష్పకాలే గింజలవుతాయి. ఇవి అంచు నుండి మధ్యకు, రోజుకు కొన్ని వరుసల చొప్పున వారం పది రోజులపాటు విచ్చుకుంటాయి. ప్రతి పుష్పకంలోను ముందు పుప్పొడి విడుదలై, తరువాత కీలాగ్రం తెరుచుకుంటుంది. కనుక పుప్పొడిని ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చే తేనెటీగలు తప్పనిసరి. పైగా పాత రకాలలో చాలావరకు ఒక మొక్క పుప్పొడి అదే మొక్కపై గింజ కట్టించలేదు. పెరటిలో ఒంటరిగా పెరిగిన మొక్క తాలు గింజలనివ్వడానికి ఇదే కారణం.

అందుచేత ఒకే రోజున ఐదారు మొక్కలైనా విత్తాలి. తేనెటీగలు తక్కువగా తిరిగే పట్టణాలలో, రైతులు పాటించే పద్ధతినే పెరటిలోను పాటించవచ్చును: ఉదయం 8 నుండి 11 గంటల మధ్య మెత్తని గుడ్డతో ఒక పువ్వు తరువాత మరొక పువ్వును మృదువుగా రుద్దాలి, లేదా రెండు పువ్వులను ముఖాముఖిగా తాకించాలి. రోజు విడిచి రోజు నాలుగైదు సార్లు ఇలా చేయాలి. పూలగుత్తుల కొరకు అమ్మే కొన్ని సంకర రకాలలో పుప్పొడి ఉండదు. గింజలు కావలసినవారు వాటిని ఎంచుకోరాదు.

బోరాన్ లోపించినా గింజ సరిగా నిండదు. పసుపు రేకులు విచ్చుకునే దశలో లీటరు నీటికి రెండు గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారి చేస్తారు. బోరాక్స్‌ను ముందుగా కొద్దిపాటి వేడినీటిలో కరిగించుకోవాలి. మొగ్గ తొడిగే దశ, పువ్వు విచ్చే దశ, గింజ పాలుపోసుకునే దశ, ఈ మూడింటిలో నీటి ఎద్దడి కలిగితే ఆ నష్టం తరువాత పూడదు.

తెగుళ్ళు, పక్షులు

తొలి దశలో మొలకలను నత్తలు, పక్షులు తింటాయి. తరువాత గొంగళి పురుగులు ఆకులను, శనగపచ్చ పురుగు పువ్వును తొలుస్తాయి. పెరటిలో వీటిని చేతితో ఏరివేయడమే మేలు. పువ్వు విచ్చుకున్నప్పుడు పురుగుమందు చల్లితే తేనెటీగలు కూడా చనిపోతాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నెక్రోసిస్ తెగులు. ఆకులు ఒక ప్రక్క మాడి, కొన మెలి తిరిగి, పువ్వు వికృతంగా మారుతుంది. 1997లో కర్ణాటకలో బయటపడిన ఈ తెగులు ఆంధ్ర ప్రాంతానికీ వ్యాపించింది. దీనికి కారణమైన పొగాకు స్ట్రీక్ వైరసే 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను తీవ్రంగా దెబ్బతీసినది. ఖాళీ స్థలాలలో విరివిగా మొలిచే వయ్యారిభామ మొక్క ఏ లక్షణమూ కనబరచకుండా ఈ వైరస్‌ను దాచుకుంటుంది. దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకుని వస్తాయి. తెగులు సోకిన మొక్కకు చికిత్స లేదు, పీకివేయాలి. పరిసరాలలోని వయ్యారిభామను పూతకు రాకముందే తొలగించడమే నివారణ.

గింజ పాలుపోసుకున్నది మొదలు రామచిలుకలు, ఉడుతలు వస్తాయి. రామచిలుకల గుంపు ఒక పువ్వును ఒక్క పూటలో ఖాళీ చేయగలదు. పసుపు రేకులు వాడిన తరువాత పువ్వుకు పలుచని గుడ్డ లేక వలసంచి కట్టాలి. ముందే కడితే తేనెటీగలకు దారి ఉండదు.

గింజల సేకరణ

పువ్వు వెనుక భాగం ఆకుపచ్చ నుండి నిమ్మపండు రంగుకు మారినప్పుడు కోతకు వచ్చినట్లు గుర్తు. కోసిన పువ్వులను రెండు మూడు రోజులు ఎండబెట్టి, కర్రతో కొట్టి గింజలు రాల్చి, చెరిగి తాలు వేరుచేయాలి. కొత్త గింజలకు సుమారు నెలన్నర నిద్రావస్థ ఉంటుంది. కోసిన వెంటనే విత్తి, మొలవలేదని విత్తనాన్ని పారవేయడం చాలామంది చేసే పొరపాటు. సంకర రకాల గింజలను దాచి విత్తితే తల్లి మొక్క గుణాలు ఒకే తీరుగా రావు కనుక, ఏటేటా సొంత విత్తనం వాడదలచినవారు మోర్డెన్ వంటి సూటి రకాలనే ఎంచుకోవాలి.