ఫోస్టర్ కేర్ పిల్లల ఆటపాటలు: అమెరికాలో అనుమతి చరిత్ర

కన్నవారి దగ్గర క్షేమంగా పెరగలేని పిల్లలను సాధారణంగా కోర్టు ఉత్తర్వుతో వేరే కుటుంబాలకో వసతి గృహాలకో అప్పగించే ఏర్పాటును అమెరికాలో ఫోస్టర్ కేర్ అంటారు. దీనికి తొలి రూపాల్లో ఒకటిగా, 1853లో చార్లెస్ లోరింగ్ బ్రేస్ న్యూయార్క్‌లో నెలకొల్పిన చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ, మరుసటి ఏడు నుంచి దిక్కులేని పిల్లలను రైళ్లలో పడమటి ఊళ్లకు పంపి అక్కడి కుటుంబాల్లో చేర్చింది. 1929 దాకా ఆ రైళ్లు నడిచాయి. పిల్లలను పొలం పనికి చేతులుగా చూసిన ఇళ్లూ వాటిలో ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ బాధ్యత ప్రభుత్వ శాఖల చేతికి వచ్చింది. అన్నం పెట్టి బడికి పంపేది ఫోస్టర్ తల్లిదండ్రులు, చట్టం దృష్టిలో అధికారం మాత్రం శాఖది, కోర్టుది. చిక్కంతా ఇక్కడే. బేస్‌బాల్ జట్టులో చేరాలన్నా, బడి విహారయాత్రకు వెళ్లాలన్నా, స్నేహితురాలి ఇంట్లో ఒక రాత్రి ఉండాలన్నా చాలాచోట్ల శాఖ తరఫున బిడ్డ బాగోగులు చూసే కేస్‌వర్కర్ సంతకం కావాల్సి వచ్చేది, కొన్నిసార్లు జడ్జి అనుమతీ కావాల్సి వచ్చేది. ఆ స్నేహితురాలి ఇంట్లోవాళ్ల నేరచరిత్ర తనిఖీ అయ్యేదాకా ఆగమనడమూ ఉండేది. బిడ్డకు దెబ్బ తగిలితే దావా తమ మీద పడుతుందన్న భయంతో శాఖలు వద్దనడానికే మొగ్గేవి. ఇల్లు మారినప్పుడల్లా బడి మారి, చేరిన జట్టూ చేజారేది. రక్షణ పేరుతో జరిగినా ఇది ఆ పిల్లలకు అన్యాయమే.

కాలిఫోర్నియా 2003లో, వయసుకు తగిన ఆటపాటల్లో పాల్గొనే హక్కు ఫోస్టర్ కేర్ పిల్లలకు ఉందని చట్టం చేసింది. ఫ్లోరిడా 2013లో అదే దారి పట్టింది. 2014 సెప్టెంబర్ 29న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన ఫెడరల్ చట్టం దీన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. జాగ్రత్త తెలిసిన తల్లిదండ్రులు సొంత బిడ్డ గురించి ఎలా ఆలోచిస్తారో అలా ఆలోచించి, అనుమతి పత్రం మీద ఫోస్టర్ తల్లిదండ్రులే సంతకం చేయవచ్చు. వసతి గృహంలోనైతే ఆ అధికారమున్న ఉద్యోగి ఒకరు అక్కడే ఉండాలి. ఆలోచించి ఒప్పుకున్నవారిని అకారణంగా కోర్టుకీడ్చకుండా రాష్ట్రాలు తగిన విధానాలు చేసుకోవాలి.

అనుమతి తేలికైనా రుసుము, యూనిఫాం, వాయిద్యం, రాకపోకల ఖర్చు అలాగే ఉండిపోయాయి. ఫోస్టర్ కేర్‌లోని పెద్దపిల్లల కోసం ఉన్న చేఫీ అనే ఫెడరల్ నిధి పరిమితిని అదే చట్టం 2020 ఆర్థిక సంవత్సరం నుంచి ఏటా 14 కోట్ల డాలర్ల నుంచి 14.3 కోట్లకు పెంచింది. ఇంత పెద్ద దేశానికి ఆ 30 లక్షల డాలర్లు ఏ మూలకూ రావు.