రూప్యశబ్దము – రూపాయి వెల

రూపాయి యను మాటకు మూలమైన రూప్యశబ్దమునకు నాణెమును గూర్చిన యర్థములు రెండు గలవు. పాణిని రూపశబ్దముపై నాహతార్థమున యప్ప్రత్యయమును విధించెను. ఆహతమనఁగా ముద్ర కొట్టఁబడినది. అమరసింహుఁడు ముద్ర గల వెండిబంగారములనే కాక కేవలరజతమును సైతము రూప్యమనెను. కావున నాణెమునకు వెల ముద్రవలనఁ గలుగునా, లోహమువలనఁ గలుగునా యను ప్రశ్న యీ పదముననే యిమిడియున్నది. చరిత్ర దాని కిచ్చిన యుత్తరము విచారింపఁదగినది.

1835వ సంవత్సరపు చట్టముచే ఈస్టిండియా కుంపిణీవారు రూపాయి తూకమును 180 గ్రెయిన్లుగా నిర్ణయించిరి. అందు 165 గ్రెయిన్లు శుద్ధమైన వెండి. ఎవ్వరైనను వెండిని టంకశాలకుఁ గొనిపోయి రూపాయలు కొట్టించుకొనవచ్చును గనుక ముద్రకును లోహమునకును వెలలో నంతగా భేదము లేకుండెను. పిమ్మట వెండి ధర పడిపోఁగా 1893లో ప్రభుత్వమువారు టంకశాలలను ప్రజలకు మూసివేసిరి. కాలక్రమమున రూపాయి 16 పెన్నీలకు స్థిరపడెను. లోహముకంటె ముద్ర యధికమయ్యెను.

మొదటి మహాయుద్ధకాలమున నీ తారతమ్యము తలక్రిందయ్యెను. లండనులో ఔన్సు వెండి ధర 43 పెన్నీలను మించినచో, 16 పెన్నీల రూపాయిలోని వెండి ముద్రవెలను దాఁటును. 1917 ఆగస్టులో నదియే సంభవించెను. అట్టి నాణెమును జెలామణి చేయువానికంటెఁ గరఁగించువానికే లాభము. ఆ యేఁటనే ప్రభుత్వమువారు నాణెములఁ గరఁగించుటను, ఎగుమతి చేయుటను నిషేధించిరి. మారకపు రేటును 17 పెన్నీలకుఁ బెంచిరి. నవంబరు 30వ తేదీన ఒక రూపాయి నోటును వెలువరించిరి. నోట్లకు బదులు వెండి రూపాయల నీయవలసిన బాధ్యత యుండుటచే, 1918లో పిట్మన్ చట్టము ననుసరించి అమెరికావా రమ్మిన 20 కోట్ల ఔన్సుల వెండియే వారి కాధారమయ్యెను. అయినను ధర యాగలేదు. 1920 ఫిబ్రవరిలో నది 89½ పెన్నీల కెక్కెను. రూపాయి మారకము దానిని వెంబడించెను.

ఇందువలన నొకటి స్పష్టమగుచున్నది. లోహము చౌకయైనంతకాలమే ముద్ర తన వెలను నిలుపుకొనును. లోహము ప్రియమైనచో రాజశాసనముకంటెఁ గంసాలి మూసయే బలవత్తరము. ఈ సత్యమును గుర్తించియే కాఁబోలు, రెండవ యుద్ధకాలమున వెండి కొఱఁత పడఁగా ప్రభుత్వమువారు నిషేధమును మాత్రమే నమ్ముకొనక 1940లో రూపాయిలోని వెండిని సగపాలికిఁ దగ్గించిరి. 1947లో వెండిని బొత్తిగా విడిచి నికెలు రూపాయిని ముద్రించిరి. నేఁటి రూపాయి యుక్కుది. రజతార్థము నశించినది, పాణిని చెప్పిన యాహతార్థమే మిగిలినది.