పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు – మన ఊళ్ళ పేర్లు

ఈ ప్రత్యేక సంచికకు పాత రికార్డులను గురించి రాయమని సంపాదకవర్గము వారు కోరినారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకా కచేరీలలో పనిచేసిన వాడిని కనుక పేర్ల సంగతే ఎన్నుకొన్నాను.

నిజాం రాజ్యంలో 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయినది. పాత సేత్వారులు ఉర్దూలో ఉండేవి. 1966 చట్టంతో తెలుగు అధికార భాష అయినది. ఈ రెండు లిపులలోనూ పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే భేదం లేదు. ఆ భేదం ఇంగ్లీషుతో వచ్చినది. ఐరోపా అచ్చు కార్మికులు పెద్ద అక్షరాల దిమ్మలను పై పెట్టెలోను, చిన్నవాటిని కింది పెట్టెలోను ఉంచేవారు. ఇంగ్లీషులో వాటి పేర్లు అందువల్లనే వచ్చాయి.

కంప్యూటరుకు మాత్రం అవి రెండూ వేరు వేరు అంకెలు. ఆస్కీ పట్టికలో పెద్ద 'ఏ' 65, చిన్న 'ఏ' 97. కనుక పెద్ద 'కే'తో రాసిన కామారెడ్డి ఒకటి, చిన్న 'కే'తో రాసినది మరొకటి. 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టిన ఈమాక్స్ వంటి ఎడిటర్లలో, పేరు మొదటి అక్షరాలు కొడితే మిగతాది యంత్రమే పూర్తి చేసే సౌకర్యం ఉన్నది. పెద్ద, చిన్న భేదం పట్టించుకోవద్దని దానికి చెప్పవచ్చును. అప్పుడొక చిక్కు వస్తుంది. పేరు దొరికింది సరే, ఏ రూపంలో రాయాలి? కొన్ని ఎడిటర్లు మనం కొట్టిన అక్షరాలనే ఉంచుతాయి. కొన్ని పాత కాగితంలో ఉన్నట్లుగా మార్చివేస్తాయి.

ఎల్లారెడ్డి సంగతి ఇంకా విచిత్రం. తెలుగు అకారాది వరుసలో 'ఎ' ముందుండును. ఇంగ్లీషులో 'వై'తో రాయుట వలన ఆ ఊరు వరుస చివరకు పోయినది. 'ఈ' కొట్టి వెతికితే, పెద్ద చిన్న భేదం మానుకొన్నా యంత్రానికి దొరకదు.

1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాసే ఆర్.టి.ఎస్. పద్ధతి తయారైనది. అందులో చిన్న 'టి' అంటే 'త', పెద్ద 'టి' అంటే 'ట'. చిన్న 'ఎల్' అంటే 'ల', పెద్దది 'ళ'. అక్కడ భేదం పాటించని యంత్రానికి పాత, పాట ఒకటే. కల్లు, కళ్ళు ఒకటే! ఇంగ్లీషుకు మేలు చేసిన ఉపాయమే మన భాషకు కీడు చేయును.

మనకెందుకీ గొడవ అనవచ్చును. పింఛను ఉత్తర్వులో ఇంటిపేరు పొడి అక్షరం. బ్యాంకు పుస్తకంలో పూర్తి పేరు. ఆధార్‌లో మరొక స్పెల్లింగు. పెద్ద చిన్న అక్షరాల తేడాను యంత్రం క్షమించగలదు గాని 'వై', 'ఈ' తేడాను క్షమించదు. పాత కచేరీలో గుమాస్తా మనిషిని చూసి గుర్తుపట్టేవాడు. యంత్రం అక్షరాలనే చూచును. ఆ భారం రేపు కుటుంబ పింఛను కోసం తిరిగే మన ఇల్లాళ్ళ మీద పడును.

కావున సభ్యులందరూ తమ పేరు, భార్య లేక భర్త పేరు అన్ని కాగితాలలో ఒకే స్పెల్లింగుతో ఉన్నవో లేవో ఆరోగ్యం బాగున్నప్పుడే సరిచూచుకొని, తేడా ఉంటే దిద్దించుకోవలసినదిగా మనవి.